గరుడ పురాణం నాలుగో అధ్యాయం దగ్గర ఆపేయకండి

శాఖా గ్రంథాలయంలో 26 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. అన్నేళ్ళలో జనం గొంతు తగ్గించి అడిగిన పుస్తకం ఒక్కటే. డిటెక్టివ్ నవలలు కూడా ధైర్యంగానే అడిగేవారు. ఇది అడగడానికి వచ్చినవాళ్ళు మాత్రం పేపర్లు పరిచిన బల్ల దగ్గర కాసేపు తచ్చాడి, పక్కన ఎవరూ లేరని చూసుకుని, "మేడమ్, గరుడ పురాణం ఉంటుందా?" అనేవారు. ఎక్కువగా పోయినవాళ్ళ అల్లుడో, తమ్ముడి కొడుకో వచ్చేవాడు. కర్మ చేసే కర్తని ఇల్లు కదలనివ్వరు కదా.

రిజిస్టర్లో రాసి ఇచ్చేదాన్ని. అది తిరిగొచ్చే తీరే వేరు. పదమూడో రోజు దాటాక ఒక పొద్దున నేను తాళం తీయడానికి వెళ్ళేసరికి మెట్ల మీద న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఉండేది. కార్యక్రమం అయిపోయాక ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉంచుకోరు. అలాగని లోపలికొచ్చి చేతికీ ఇవ్వరు. తెరిచి చూస్తే మొదటి ముప్ఫై నలభై పేజీలు నలిగి, వేళ్ళ మరకలు పడి ఉండేవి. ఆ తర్వాతవి ప్రెస్సులోంచి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి.

ఆ నలగని పేజీల కోసమే ఇది రాస్తున్నాను. నేను పండితురాలిని కాను. బీరువా తాళాలు నా దగ్గర ఉండేవి, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి, అంతే. కర్మ ఎలా చేయాలో మీ పురోహితుణ్ణి అడగండి. పుస్తకం ఎలా చదువుకోవాలో నేను చెప్తాను.

ముందు చేతిలో ఉన్నది ఏ పుస్తకమో చూడండి

గరుడ పురాణం పేరుతో బజార్లో రెండు వేరువేరు పుస్తకాలు దొరుకుతాయి. ఒకటి అసలు మహాపురాణం. అందులో మొదటి భాగమే చాలా పెద్దది. పూజలు, వ్రతాలు, వైద్యం, ఛందస్సు, వ్యాకరణం, చివరికి రత్నపరీక్ష కూడా అందులో ఉంటాయి. ముత్యం మంచిదో కాదో, కెంపులో దోషం ఎలా కనిపెట్టాలో చెప్పే అధ్యాయాలున్నాయి. మా ఊళ్ళో బంగారప్పని చేసే ఒకాయన ఆ అధ్యాయాల కోసమే ఏడాదికోసారి ఆ పుస్తకం తీసుకెళ్ళేవాడు. ఆయనకి నరకంతో పనే లేదు. చావు తర్వాతి సంగతులన్నీ అందులో ప్రేతఖండమనే భాగంలో ఉంటాయి.

రెండోది గరుడ పురాణ సారోద్ధారం. నౌనిధిరాముడనే ఆయన పురాణంలోంచి, ఇంకా ఇతర గ్రంథాల్లోంచి ఏరి కూర్చింది. 16 అధ్యాయాలే. చావు జరిగిన ఇంట్లో చదివేది సాధారణంగా ఇదే. అట్ట మీద "సారోద్ధారం" అని ఉండకపోవచ్చు. విషయసూచిక చూడండి. పదహారుతో ఆగిపోయి, రెండో అధ్యాయం యమమార్గం, పదహారోది మోక్షం గురించి అయితే ఇదేనన్నమాట.

ఇవి కాక తిరణాళ్ళలో, గుడి వీధుల్లో బొమ్మల పుస్తకాలు అమ్ముతారు. నూనె మూకుడు, అందులో మనుషులు, పక్కన గదలు పట్టుకున్న భటులు. అది కొనకండి. శిక్షల జాబితా తప్ప అందులో ఏమీ ఉండదు. టైమ్‌టేబుల్ చింపేసి జరిమానాల పట్టిక ఒక్కటే చేతికిచ్చినట్టు ఉంటుంది.

పీడీఎఫ్ సంగతి. ఉచితంగా దొరుకుతుంది, కాదనను. కానీ నలుగురు కూర్చుని వింటున్నప్పుడు ఫోన్లో చదవొద్దు. ఒకసారి మా బంధువుల ఇంట్లో కుర్రాడు ఫోన్లో కుంభీపాకం చదువుతుంటే పైనుంచి ఎవరో పంపిన గుడ్ మార్నింగ్ గులాబీ దిగింది. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలీలేదు. పెద్ద అక్షరాల పుస్తకం తెచ్చుకోండి. శ్లోకం, కింద తాత్పర్యం ఉన్నదైతే మేలు. సంస్కృతం రాకపోతే తాత్పర్యం ఒక్కటే చదవండి. తప్పు పలుకుతామేమోనన్న టెన్షన్ అక్కర్లేదు.

మా ఇంట్లో ఏం జరిగిందంటే

మా నాన్న పోయినప్పుడు నేనే లైబ్రరీలోంచి పుస్తకం తెచ్చాను. మూడో రోజు సాయంత్రం నుంచి అన్నయ్య చదవడం మొదలెట్టాడు. వాడిది మంచి గొంతు. మొదటి పేజీ నుంచి వరసగా వెళ్ళాడు. యమభటుల రాక, దారిలో ఎండ, ముళ్ళు, తర్వాత యాతనలు, నాలుగో అధ్యాయంలో ఏ పాపాలు చేస్తే నరకం వస్తుందో ఆ పట్టిక. అమ్మ గోడకి జారబడి వింటోంది. రాత్రిళ్ళు నిద్రపోవడం మానేసింది.

ఐదో అధ్యాయంలో రోగానికో పాపం చొప్పున లెక్క ఉంటుంది. కిందటి జన్మలో ఏం చేస్తే ఈ జన్మలో క్షయ వస్తుంది, ఏం చేస్తే కుష్ఠు వస్తుంది, ఇలాగ. అన్నయ్య అది చదువుతుండగా అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "షుగరుకేమైనా రాశాడా?"

మా నాన్నకి షుగరుతో పుండు మానక, పోయేదానికి మూడేళ్ళ ముందు ఎడమ పాదం తీసేశారు.

అన్నయ్య పుస్తకం మూసేశాడు. రెండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. ఆ రెండు రాత్రులూ నేను దాన్ని ఒంటరిగా చివరిదాకా చదివాను. అప్పటికి లైబ్రరీలో పద్దెనిమిదేళ్ళుగా ఇస్తున్న పుస్తకం, అంతకుముందు ఒక్కసారి కూడా పూర్తిగా చదవలేదు. మర్నాడు మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని మొదటి అధ్యాయం చివర, అన్నయ్య గబగబా దాటించేసిన చోటు చదివాను. శరీరం కాలిపోయాక ఇంట్లోవాళ్ళు రోజూ పెట్టే పిండంతో పోయినవాళ్ళకి మూరెడు శరీరం తయారవుతుందట. మొదటి రోజు పిండంతో తల. రెండో రోజు మెడ, భుజాలు. మూడో రోజు గుండె. నాలుగు వీపు, ఐదు బొడ్డు, ఆరు నడుము, ఏడు తొడలు, ఎనిమిది మోకాళ్ళు, తొమ్మిదో రోజు పాదాలు. పదో రోజు ఆకలి దప్పులు.

అమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తొమ్మిదో రోజు పొద్దున రేవుకి బయల్దేరుతున్న పంతులుగారిని గుమ్మంలో ఆపి అడిగింది: "ఇవ్వాళ పాదాలు కదండీ. రెండూ వస్తాయా?"

ఆయన సంచీ సర్దుకుంటూనే, "రెండూ వస్తాయమ్మా" అన్నారు.

పన్నెండో రోజు దానాలకి గొడుగు, చెప్పులు, చెంబు కొనాలి. దారంతా ఎండ, ముళ్ళు, దాహం కాబట్టి ఆ వస్తువులు. దానాల గురించి చెప్పిన చోట్లు చదివితే ఏది ఎందుకో తెలుస్తుంది. చదవని ఇంట్లో అవి పంతులుగారు రాసిచ్చిన చీటీలో సామాన్లు మాత్రమే. మూడేళ్ళుగా మా నాన్న చెప్పుల జతలో కుడిదొక్కటే అరిగేది. ఆ రోజు అమ్మ అన్నయ్యతో పాటు తనూ కొట్టుకి వెళ్తానని పట్టుబట్టింది. వెళ్ళకూడదని చుట్టాలన్నారు. వెళ్ళింది. ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుని వంచి చూసి, పట్టీ లాగి చూసి మరీ కొనిపించింది.

అందుకని, ఏది ఎప్పుడు చదవాలి

మొదటి రెండు రోజులూ ఏమీ చదవొద్దు. ఇంట్లో ఎవరి చెవులూ పనిచేయవు.

మూడో రోజు మొదటి అధ్యాయం చివర ఉన్న ఆ పిండాల భాగం చదవండి. ఆ రోజు పిండం దేనికో తెలిస్తే రేవు దగ్గర నిలబడ్డ కర్తకి తను ఏం చేస్తున్నాడో అర్థమవుతుంది. మీ ఇంట్లో రోజూ పిండం పెట్టే ఆచారం లేకపోవచ్చు. కొందరు చిన్నకర్మ, పెద్దకర్మ మాత్రమే చేస్తారు. అయినా చదవండి.

తర్వాత ఏడో అధ్యాయానికి దూకండి. బభ్రువాహనుడనే రాజు వేటకెళ్ళి అడవిలో ఒక ప్రేతాన్ని కలుస్తాడు. బతికుండగా అతని పేరు సుదేవుడు, వర్తకుడు. తన కోసం కర్మ చేసేవాళ్ళెవరూ లేక అలా మిగిలిపోయాడు. రాజు తనకేమీ కానివాడికి కర్మ చేస్తాడు, ప్రేతానికి విముక్తి దొరుకుతుంది. కొడుకులు లేని ఇళ్ళలో, కొడుకు అమెరికాలో ఉండి వీసా దొరక్క రాలేకపోయిన ఇళ్ళలో, కూతురో మేనల్లుడో కర్త అయిన ఇళ్ళలో ఈ అధ్యాయం తప్పక చదవాలి. నా అనుభవంలో జనం బాగా తేలికపడేది దీని దగ్గరే.

రెండో అధ్యాయం యమమార్గం. దీన్ని ఒక్క బిగిన చదివేయకండి. మొత్తం దారి 86,000 యోజనాలు. పోయినవాడు పగలూ రాత్రీ కలిపి రోజుకు 247 యోజనాలు నడుస్తాడు. నేను ఇష్యూ చీటీ వెనక భాగించి చూశాను. 348 రోజులు వచ్చింది. ఏడాదికి కొంచెం తక్కువ. అంటే మాసికాలు పెట్టినన్నాళ్ళూ పోయిన మనిషి నడుస్తూనే ఉంటాడు, సంవత్సరీకం నాటికి చేరుకుంటాడు. దారిలో 16 ఊళ్ళు. సౌమ్యపురం, సౌరిపురం, నగేంద్రభవనం, గంధర్వపురం, శైలాగమం, క్రౌంచపురం, క్రూరపురం, విచిత్రభవనం, ఇలా వెళ్తుంది. ఆఖర్న వర్షం కురిసే పయోవర్షణం, చలి ఊరు శీతాఢ్యం, బహుభీతి. ఒక్కో ఊళ్ళో ఆగి, ఇక్కడ మనం పెట్టిన మాసికం అక్కడ తింటాడు.

కాబట్టి ఆ అధ్యాయాన్ని ఏడాది పొడవునా పరిచి చదవండి. మాసికం నాడు ఒక ఊరు. మేం అలాగే చేశాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక, "ఇవ్వాళ నాన్న ఏ ఊళ్ళో ఉన్నాడు?" అని అమ్మే అడిగేది. పక్కూరి బస్సు ఎక్కించి పంపిన మనిషి గురించి అడిగినట్టు.

విచిత్రభవనం దాటాక వైతరణి. నూరు యోజనాల వెడల్పు, నీళ్ళ బదులు చీము నెత్తురు. ఇక్కడ పుస్తకాన్ని చూసి భయపడేవాళ్ళు ఒక సంగతి గమనించరు. అక్కడ పడవవాళ్ళుంటారు. గోదానం చేసినవాణ్ణి పడవ ఎక్కమని పిలుస్తారు. మా వైపు కోటిపల్లి రేవులో పంటు (పెద్ద బల్లకట్టు పడవ) మీద గోదావరి దాటి ముక్తేశ్వరం వెళ్ళినవాళ్ళకి ఆ సీను వెంటనే కళ్ళకి కడుతుంది. బరువు చూసేవాడు, డబ్బులడిగేవాడు, "ఎక్కండెక్కండి" అని అరిచేవాడు. నరకానికి వెళ్ళే దారిలో కూడా రేవు పద్ధతి రేవుదే.

మూడు, నాలుగు అధ్యాయాలు యాతనలు, పాపాలు. వీటిని మానేయమనను. పగటిపూట, ఒకే విడతలో చదివి ముగించండి. రాత్రి వద్దు, పదేళ్ళలోపు పిల్లలుంటే వద్దు. చదివేవాళ్ళు ముందుగా ఒకసారి మనసులో చదువుకోవడం అవసరం. ఆ పట్టికలో పాపంగా చెప్పినవాటిలో చెరువులు, బావులు పాడుచేయడం, నమ్మినవాణ్ణి మోసం చేయడం లాంటివి ఇవాళ్టికీ పనికొస్తాయి. కులాన్ని బట్టి, ఆడ మగా తేడాని బట్టి శిక్షలు మారే చోట్లు కూడా ఉన్నాయి. అవి ఆనాటి సమాజం రాసుకున్నవి. నేను అక్కడ గొంతు మార్చను, సమర్థించను. పైకి చదవడం మానేసి పేజీ తిప్పుతాను.

ఐదో అధ్యాయం ఒంటరిగా చదువుకోండి. ఇంట్లో మంచం పట్టినవాళ్ళున్నా, అంగవైకల్యం ఉన్న పిల్లలున్నా పైకి చదవొద్దు. కారణం పైన చెప్పాను.

ఆరో అధ్యాయం చాలామంది దాటేస్తారు, గర్భవాసం కదా, చావింట్లో ఎందుకని. నాకు మాత్రం ఇష్టం. కడుపులో మొదటి నెలలో తల, రెండో నెలలో చేతులు, మిగతా అవయవాలు, మూడో నెలలో గోళ్ళు, వెంట్రుకలు, ఎముకలు. మొదటి అధ్యాయం పక్కన పెట్టి చూడండి. అక్కడ మొదటి రోజు తల, ఇక్కడ మొదటి నెల తల. పోయినవాడికి రోజుల్లో అయ్యేది పుట్టేవాడికి నెలల్లో అవుతుంది. మా అన్నయ్య కోడలు అప్పుడు మూడో నెల. ఆ పేజీ నేను ఆ అమ్మాయికే ఇచ్చి చదివించాను. చుట్టాల్లో ఒకావిడ గొణిగింది. గొణగనీ.

ఎనిమిది నుంచి పదమూడు వరకు దానాలు, దహనం, అస్థి సంచయనం, పదో రోజు, పదకొండో రోజు, సపిండీకరణం (పోయినవాళ్ళని పితృదేవతల్లో కలపడం). ఏ రోజు కార్యక్రమం ముందు రోజు ఆ అధ్యాయం చూసుకోండి చాలు. తేడాలొస్తే పుస్తకం తెచ్చి పంతులుగారి ముందు పెట్టి వాదించకండి. ఆయన మీ సూత్రాన్ని (మీ వంశం పాటించే వైదిక పద్ధతిని) బట్టి, మీ ఇంటి ఆనవాయితీని బట్టి చేయిస్తారు.

పద్నాలుగు ధర్మరాజు పట్టణం. అదే యముడు, కానీ మంచివాళ్ళకి సౌమ్యంగా కనపడతాడు. పదో రోజు సాయంత్రం, ధర్మోదకాలిచ్చి అందరూ అలిసిపోయి ఉన్నప్పుడు ఇది చదవండి.

పదిహేను, పదహారు ఆఖరికి. పదహారో అధ్యాయం దగ్గరకొచ్చేసరికి పుస్తకం గొంతే మారిపోతుంది. అప్పటిదాకా ఆ దానం చేయి, ఈ స్నానం చేయి అన్నవాడే ఇక్కడ ఎదురు ప్రశ్నలు వేస్తాడు. పుట్టింది మొదలు చచ్చేదాకా గంగలోనే ఉన్న కప్పలు, చేపలు యోగులైపోతాయా? వేదాలన్నీ చదివి తత్త్వం తెలియనివాడికి, వంటలో తిరిగినా రుచి తెలియని గరిటెకి తేడా ఏమిటి? అంతా అని, అదే అధ్యాయంలో కాస్త కిందికి వచ్చేసరికి అయోధ్య, మథుర, మాయ, కాశి, కంచి, అవంతిక, ద్వారవతి మోక్షమిచ్చే ఏడు పురాలని చెప్తాడు. ఈ రెండూ పొసగవని కొట్టుకునేవాళ్ళు కొట్టుకోనీండి. మా అమ్మ ఇవి విని, "గరిటె పాపం, అదేం చేస్తుంది" అంది. నాన్న పోయాక అమ్మ నోటివెంట వచ్చిన మొదటి మామూలు మాట అది.

ఇక ఇంట్లో ఉంచుకోవచ్చా అన్న ప్రశ్న. ఉంచుకోకూడదని ఆ 16 అధ్యాయాల్లో నాకెక్కడా కనపడలేదు. చివర చదివినవాళ్ళకీ విన్నవాళ్ళకీ ఫలమే చెప్పాడు. నా దగ్గర ఒక సొంత కాపీ ఉంది, పంచాంగాల పక్కన ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా ఏమీ కాలేదు. మోకాళ్ళ నొప్పులొచ్చాయి, అవి వయసువి.

మైల లేనప్పుడు చదవాలనిపిస్తే

ఇంట్లో చావు లేకుండా ఊరికే ఈ విషయం తెలుసుకోవాలనుకునేవాళ్ళకి గరుడ పురాణంతో మొదలుపెట్టమని చెప్పను. భారతం చివరి పర్వం, స్వర్గారోహణ పర్వం తీసుకోండి. తెలుగులో తిక్కన రాశాడు. చాలా చిన్నది. ధర్మరాజు స్వర్గానికి వెళ్తే అక్కడ ముందు కనపడేది దుర్యోధనుడు, సింహాసనం మీద! తమ్ములేరని అడిగితే దేవదూత నరకం దారి పట్టిస్తాడు. కంపు, చీకటి. వెనక్కి తిరగబోతుంటే గొంతులు వినిపిస్తాయి. కాస్సేపు ఉండమంటాయి, నీ ఒంటి మీంచి వచ్చే గాలికి మాకు హాయిగా ఉందంటాయి. ఎవరు మీరంటే భీముణ్ణి, అర్జునుణ్ణి, ద్రౌపదిని అంటారు. ఆయన ఇక కదలనంటాడు.

ఇదే గాలి ఇంకోచోట కూడా వీస్తుంది. మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణంలో విపశ్చిత్తనే రాజు కథ వెతకండి. చిన్న తప్పుకి కాసేపు నరకం చూపించి తీసుకెళ్ళబోతే, ఈ పాపులకి నా వల్ల ఊరట ఉన్నంతసేపూ స్వర్గం నాకొద్దంటాడు. చివరికి తన పుణ్యం ధారపోసి వాళ్ళని విడిపిస్తాడు. నరకం గురించి రాసినవాటిలో నాకు నచ్చినవి ఈ రెండే, బయటికి పొమ్మన్నా పోనివాళ్ళ కథలు.

నరకాల పేర్లు కావాలంటే భాగవతం పంచమ స్కంధం. తామిస్రం, అంధతామిస్రం, రౌరవం, మహారౌరవం, కుంభీపాకం, కాలసూత్రం, అసిపత్రవనం ఇలా 28. మనుస్మృతిలో 21 మాత్రమే. సినిమా చూసి ఈ పేర్లు నేర్చుకున్న కుర్రాళ్ళు లైబ్రరీకొచ్చి "పోతన రాసిన నరకాలు" అడిగేవారు. తెలుగు భాగవతంలో పంచమ స్కంధం గంగన రాశాడు, పోతన కాదు. యమభటుల్ని విష్ణుదూతలు అడ్డుకునే అజామిళుడి కథ ఆరో స్కంధంలో ఉంది, అది ఏర్చూరి సింగన రాసింది. పోతనగారి గజేంద్రుడు వేరే బీరువా కాదుగానీ, వేరే స్కంధం.

కాశీ వెళ్ళేముందు

అస్థికలు పట్టుకుని కాశీ, గయ వెళ్ళేవాళ్ళు రైలు టికెట్‌తో పాటు ఒక పుస్తకం అడిగేవారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటేనన్న రోజుల్లోంచి తత్కాల్ టికెట్ రోజుల్లోకి వచ్చాం. పుస్తకాలు మాత్రం అవే.

శ్రీనాథుడి కాశీఖండం ఏడు ఆశ్వాసాలు, రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితం. "కాశీఖండం అయఃపిండం" అని సామెత, ఇనుప ముద్దన్నమాట. నేరుగా కొరికితే పళ్ళూడతాయి. టీకా ఉన్న ప్రతి తీసుకుని రెండు కథలతో మొదలుపెట్టండి. ఒకటి శివశర్మ కథ. మోక్షపురాలన్నీ తిరిగి మాయాపురిలో, అంటే హరిద్వారంలో, ప్రాణం విడుస్తాడు. విష్ణుదూతలు విమానంలో ఎక్కించుకుని ఒక్కో లోకం చూపిస్తూ తీసుకెళ్తారు. దారిలో యముడి పట్టణం కూడా తగులుతుంది. గరుడ పురాణంలో కాలినడకన వెళ్ళిన దారి ఇక్కడ కిటికీ సీట్లోంచి కనపడుతుంది.

రెండోది గుణనిధి కథ. జూదమాడే కొడుకు, తండ్రి ఉంగరం కూడా పందెంలో పెట్టినవాడు, తల్లి కప్పిపుచ్చి కప్పిపుచ్చి పాడుచేసినవాడు. శివరాత్రి నాడు ఆకలేసి, గుళ్ళో నైవేద్యం దొంగిలిద్దామని దూరతాడు. దీపం మసకగా ఉంటే కట్టుబట్ట చింపి వత్తి వేస్తాడు, పళ్ళెం కనపడాలని! పారిపోతూ దెబ్బలకి చస్తాడు. యమభటులు వస్తారు, శివదూతలూ వస్తారు. చివరికి ఆ వత్తి గెలుస్తుంది. గరుడ పురాణం నాలుగో అధ్యాయం చదివి గుండె బరువెక్కినవాళ్ళు ఆ సాయంత్రమే ఇది చదవాలి. మందు పక్కనే పథ్యం. అర్థం కాని మాటలకి ఫోన్లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి పెట్టుకోండి. ఇక్కడ ఫోను వాడొచ్చు.

కాశీ వెళ్ళే ఓపిక, డబ్బు లేనివాళ్ళకి అదే శ్రీనాథుడు భీమఖండం రాశాడు. కాశీలో భిక్ష దొరక్క కోపంతో నగరాన్నే శపించబోయిన వ్యాసుణ్ణి విశాలాక్షి పిలిచి అన్నం పెడుతుంది. తర్వాత శివుడు ఊరు విడిచి పొమ్మంటాడు. వ్యాసుడు ఎక్కడికొచ్చాడు? మా ద్రాక్షారామానికి. నేను రోజూ బస్సులో దాటే గుడికి! ఆకలేస్తే వ్యాసుడంతటివాడికీ నోరు అదుపు తప్పుతుందని తెలిశాక, లైబ్రరీలో మధ్యాహ్నం పన్నెండున్నరకి విసుక్కునే పాఠకుల మీద నాకు కోపం రావడం తగ్గింది.

ఈ పద్యాల పక్కన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర పెట్టుకోండి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చి చెప్పే ఉద్యోగి. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చారు. వెంట వందమంది దాకా. హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా వెళ్ళి కలకత్తా, పూరీ మీదుగా వచ్చారు. పుస్తకంగా వచ్చింది 1838లో, ఆయన పోయాక. మహిమలు తక్కువ, మజిలీలు ఎక్కువ. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, పల్లకీ మోసే బోయీల కూలి ఎంత. అప్పట్లో ప్రయాగలో, గయలో యాత్రికుల దగ్గర ఈస్టిండియా కంపెనీవాళ్ళు పన్ను వసూలు చేసేవారు. గయలో పండాల, అంటే అక్కడి పురోహితుల, బేరాలు చూసి బీపీ పెంచుకునేవాళ్ళు ముందుగా ఇది చదివి వెళ్తే సగం కోపం ఇంటి దగ్గరే దిగుతుంది. రైల్లో చదవడానికి ఇదే బాగుంటుంది. కాశీఖండం రైల్లో చదవలేరు, నేను ప్రయత్నించాను, బల్లార్షా దాటేసరికి నాలుగు పద్యాలయ్యాయి.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు

సొంతంగా కొన్నదైతే నదిలో వదలొద్దు, గుడి చెట్టు కింద పెట్టొద్దు. పెన్సిల్‌తో లోపలి అట్ట మీద తారీకు వేసి ఉంచుకోండి. వీధిలో ఇంకెవరికైనా అవసరమవుతుంది, అది ఎవరికీ తప్పేది కాదు. లైబ్రరీదైతే లోపలికి రండి. బల్ల వెనక ఉన్నావిడకి మీ గుండు, తువ్వాలు కొత్త కాదు. ఏమీ అడగదు, తారీకు కొట్టేసి సంతకం పెట్టించుకుంటుంది.

మెట్ల మీద మాత్రం పెట్టి వెళ్ళకండి. శ్రావణం వచ్చిందంటే మా మెట్ల మీద రాత్రంతా నీళ్ళు నిలుస్తాయి. పైనున్న నరకాలకి ఏమీ కాదు. అడుగున పదహారో అధ్యాయం ముద్దయిపోతుంది.